1288తో మొదలెట్టకు బాబూ

బాబూ,

నీ ఫాలూన్ రాగి గని వ్యాసం రెండుసార్లు చదివా. స్వీడన్ దాకా పోయి, హెల్మెట్ పెట్టుకుని 67 మీటర్ల లోతుకి దిగి, ఐదారు డిగ్రీల చలిలో వణికి, తీరా ఫస్ట్ లైన్ ఏం రాశావయ్యా అంటే "1288 నాటి పత్రంలో ఈ గని ప్రస్తావన ఉంది" అని. ఆ ముక్క నువ్వు వెళ్ళకపోయినా తెలిసేదే కదా.

మూడో పేజీలో ఓ మూల పడేశావు చూడు, ఫెట్ మాట్స్‌ని, వాడ్ని ముందుకి లాక్కురా. 1677లో గనిలోకి దిగినవాడు తిరిగి రాలా, 1719లో నీళ్ళు నిండిన పాత సొరంగంలో శవం దొరికింది, అన్నభేది (ఇనుప సల్ఫేట్) జాతి లవణాల్లో నానడంతో కుళ్ళకుండా నిన్నో మొన్నో పోయినట్టే ఉన్నాడు, ఎవడో ఎవరికీ తెలీదు, చివరికి ఓ ముసలావిడ వచ్చి ఈయనతోనే నాకు పెళ్ళి కుదిరింది అంది. ఆవిడకి 42 ఏళ్ళు గడిచిపోయాయి, వాడికి ఒక్కరోజూ గడవలా. ఇక్కడ ఆగు, విశేషణాలు వద్దు. ఆ శవాన్ని జనం చూడ్డానికి పెట్టారు, శాశ్వతంగా పూడ్చింది 1930లో. నన్నడిగితే గని 1992లో మూతపడ్డాక టూరిస్ట్ స్పాట్ అవలేదు, పాపం ఈ మాట్స్‌తోనే అయింది.

1687లో గని కూలి అంత పెద్ద గొయ్యి పడింది కదా, మిడ్‌సమ్మర్ పండగ సెలవు కాబట్టి ఒక్కడూ చావలేదు. దానికి "అద్భుతం" అని తగిలించావు, కొట్టెయ్. కొమ్ములకి ఎర్రమట్టి అంటించుకొచ్చిన మేక వల్ల గని బయటపడిందన్న కథ మాత్రం ఉంచు, కాకపోతే "అంటారు" అని రాయి, చరిత్రలా రాసేశావు. యూరప్ రాగిలో మూడింట రెండొంతులు ఒకప్పుడు ఇక్కడిదే అన్నది ఒక్క వాక్యంలో తేల్చెయ్.

నేనూ కుర్రప్పుడు గూడూరు మైకా గనుల మీద రాశాలే, మొత్తం టన్నుల లెక్కలే, ఎడిటర్ గారు మాట్లాడకుండా తిప్పి పంపారు.

అన్నట్టు గని మట్టితో చేసే ఆ ఎర్ర రంగు, స్వీడన్ ఇళ్ళకి వేసేది, ఇప్పటికీ అమ్ముతున్నారుగా, డబ్బా ఫోటో తీశావు, తాకి చూశావా? చూసుంటే చేతికి ఎలా అంటిందో రాసి ఆదివారంలోగా పంపు.

మీ మాస్టారు