అలవాటు మధ్యలో తెగిపోతే మళ్లీ పట్టాలెక్కడం ఎలా?

వ్యాయామమో చదువో ఉత్సాహంగా మొదలుపెడతాం. జ్వరమో ప్రయాణమో అడ్డొచ్చి నాలుగు రోజులు ఆగితే ఇక అంతే సంగతులు. అలాంటప్పుడు ఏం చేయాలి?

ఒక్క రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడిపోదు. యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 12 వారాలు గమనించింది. అలవాటు కుదురుకోవడానికి సుమారు 66 రోజులు పడుతుందని, మనిషిని బట్టి అది 18 నుంచి 254 దాకా ఉండొచ్చని అంచనా వేసింది. మధ్యలో ఒకసారి తప్పినా చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కాబట్టి 21 రోజుల్లో అలవాటు పడిపోతుందనే మాట పక్కన పెట్టేయండి.

అసలు దెబ్బకొట్టేది "ఎలాగూ పోయింది, సోమవారం నుంచి చూద్దాంలే" అన్న ఆలోచన. డైటింగ్ చేసేవాళ్లలో మనస్తత్వ శాస్త్రవేత్తలు జానెట్ పోలివీ, పీటర్ హెర్మన్ ఇదే చూశారు: నియమం తప్పామనుకున్నవాళ్లు ఆగకపోగా ఇంకా ఎక్కువ తిన్నారు.

అందుకే తిరిగి మొదలుపెట్టే రోజు పని బాగా తగ్గించండి. నలభై నిమిషాలు నడిచేవాళ్లయితే అదే వేళకి బూట్లు వేసుకుని వీధి చివరిదాకా వెళ్లి వచ్చేయండి, చాలు. పోయిన రోజుల బాకీ తీర్చాలని మర్నాడు రెట్టింపు చేయడం మాత్రం వద్దు. ఒళ్లు నొప్పులతో మూడో రోజు మళ్లీ ఎగ్గొడతారు.

అడ్డంకికి జవాబు ముందే అనుకుని ఉంచుకోవడం కూడా పనికొస్తుంది: "ఆఫీసు నుంచి ఆలస్యంగా వస్తే, స్నానానికి ముందు పది గుంజీలు." ఇంత చేసినా ప్రతి వారం అదే రోజున తప్పుతుంటే పట్టుదలని తిట్టుకోకండి, వేళ మార్చి చూడండి.