రెడీమేడ్ డీజిల్ ఇంజన్ మోడల్‌కు సొంతంగా వివరాలు చేర్చాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు, మీ దగ్గర ఫ్యాక్టరీ రంగులతో వచ్చిన హెచ్‌ఓ స్కేలు (అసలులో 87వ వంతు) ఎస్‌డీ40-2 అనే అమెరికా డీజిల్ ఇంజన్ మోడల్ ఒకటి ఉంది. దాని నంబరు మార్చి, గ్రాబ్ ఐరన్లు (ఎక్కేటప్పుడు చేత్తో పట్టుకునే కడ్డీలు), హారన్, బ్రేకు గొట్టాలు వంటివి విడిగా అమర్చి, ఎండకూ వానకూ తిరిగిన బండిలా కనిపించేటట్లు చేయాలని మీ కోరిక. కాని నిగనిగలాడే కొత్త బాడీకి డ్రిల్ బిట్ ఆనించడానికి చేయి రావడం లేదని రాశారు. ఇదే స్కేలులో ఇప్పటికి ఏడు ఇంజన్లను మార్చిన అనుభవంతో చెబుతున్నాను: ఫొటోతో మొదలుపెట్టండి. డ్రిల్ వంతు చాలా తరువాత వస్తుంది.

నా మొదటి ఇంజన్‌కు నేను దొరికిన ప్రతి విడిభాగాన్నీ అతికించాను. ముందు భాగాన డిచ్ లైట్లు (కింది వైపు ఉండే అదనపు జంట దీపాలు), క్యాబ్ మీద బీకన్ (హెచ్చరిక దీపం), ముక్కు కింద స్నో ప్లౌ (మంచును తోసే రేకు), రెండు రకాల యాంటెన్నాలు, ఇలా ఏదీ వదలలేదు. నెలన్నర శ్రమ తరువాత, నేను అనుసరిస్తున్నానని అనుకున్న ఫొటో పక్కన దాన్ని నిలబెట్టి చూస్తే, ఫొటో 1978 నాటిది. డిచ్ లైట్లేమో అమెరికా రైళ్లలో 1990లలో వ్యాపించి, 1997 చివరికి నిబంధనగా మారినవి. చూసినవారెవరూ ఆ తప్పు పట్టుకోలేదు గాని, నాకు మాత్రం ఆ రెండు దీపాలు తప్ప ఆ ఇంజన్‌లో మరేమీ కనిపించకుండా పోయింది. అప్పటినుంచి ఒక నంబరు, ఒక సంవత్సరం ఖాయం చేసుకుని, ఆ సంవత్సరంలో ఆ నంబరు ఇంజన్ మీద ఉన్నవాటినే పెడుతున్నాను. లేనివి బాడీ మీద అచ్చులోనే వచ్చి ఉంటే చెక్కి తీసేస్తున్నాను.

ఎస్‌డీ40-2 అన్న పేరు ఒకటే అయినా అందులో తేడాలు చాలా ఉన్నాయి. 1972లో మొదలైన దాని తయారీ 1980ల దాకా సాగింది. ఒక్కో రైల్వే కంపెనీ హారన్‌ను, గంటను తనకు నచ్చిన చోట పెట్టించుకుంది, కొందరు డైనమిక్ బ్రేకు (మోటార్లతోనే వేగం తగ్గించే ఏర్పాటు) వద్దనుకున్నారు, కొన్ని ఇంజన్లకు రేడియో నియంత్రణ పరికరాల కోసం ముక్కునే పొడిగించారు. పక్కనుంచి తీసిన ఫొటోలు ఎన్ని ఉన్నా సరే, వంతెన మీదినుంచి తీసిన పైకప్పు ఫొటో ఒక్కటైనా దొరికేదాకా ఆగడం మంచిది, ఎందుకంటే డీజిల్ ఇంజన్ అసలు రూపురేఖలు పైకప్పు మీదే ఉంటాయి. 3,000 హార్స్‌పవర్ టర్బో ఇంజన్ కావడం వల్ల దీనికి పొగగొట్టం ఒకటే, రేడియేటర్ ఫ్యాన్లు మూడు. చూడడానికి దీనికి తోబుట్టువులా ఉండే ఎస్‌డీ38-2కు టర్బో లేదు గనుక పొగగొట్టాలు రెండు, ఫ్యాన్లూ రెండే. ఫొటోలోంచి కొలతలు తీయడానికి, హెచ్‌ఓ స్కేలులో ఒక అడుగు 3.5 మి.మీ. అవుతుందన్న లెక్క ఒక్కటి గుర్తుంటే చాలు. అసలు ఇంజన్ కప్లర్లతో (పెట్టెలను కలిపే కొక్కేలతో) కలిపి 68 అడుగుల 10 అంగుళాలు, అంటే మీ చేతిలోని మోడల్ సుమారు 241 మి.మీ. ఉండాలి, మిగతావన్నీ దాని నిష్పత్తిలో స్కేలు పెట్టి కొలుచుకోవచ్చు.

ఇక మీరు భయపడుతున్న గ్రాబ్ ఐరన్ల సంగతి. అసలు ఇంజన్ మీద కడ్డీ 19 మి.మీ. మందం ఉందనుకుంటే దాన్ని 87తో భాగించినప్పుడు 0.22 మి.మీ. వస్తుంది. అంత సన్నని తీగ వేలు తగిలితేనే వంగిపోతుంది గనుక నేను 0.3 మి.మీ. ఫాస్ఫర్ బ్రాంజ్ తీగ వాడి, 0.35 మి.మీ. బిట్‌తో రంధ్రాలు వేస్తాను. అచ్చులో పోసిన పాత కడ్డీని ఉలి ఆకారపు బ్లేడుతో, బాడీకి దాదాపు సమాంతరంగా పడుకోబెట్టి, పొరలు పొరలుగా చెక్కాలి. ఒకే దెబ్బకు తీయబోతే బ్లేడు కిందికి దిగి తలుపు రేకు గీతను కూడా పట్టుకుపోతుంది. రంధ్రం పడవలసిన చోట ముందు సూదితో చిన్న గుంట చేయండి, లేకపోతే బిట్ జారుతుంది. పిన్ వైస్‌ను (బిట్ పట్టే చేతి డ్రిల్‌ను) బొటనవేలు, చూపుడువేలి మధ్య నెమ్మదిగా తిప్పుతూ, నాలుగైదు చుట్లకొకసారి బయటికి తీసి పొట్టు దులపాలి. మోటారు డ్రిల్ వాడకండి, ఆ వేడికి ప్లాస్టిక్ కరిగి బిట్‌కు చుట్టుకుంటుంది. బిట్లు విరుగుతాయి, నాకు ఇప్పటికీ ఇంజన్‌కు రెండు విరుగుతూనే ఉన్నాయి గనుక దాన్ని మీ చేతి తప్పుగా భావించకండి.

కమ్మి వెనుక చేయి పట్టేంత చోటు కూడా కనిపించాలి. అసలు ఇంజన్ మీద ఆ ఖాళీ రెండున్నర అంగుళాలు అనుకుంటే, మన స్కేలులో అది 0.73 మి.మీ. నేను 0.75 మి.మీ. ప్లాస్టిక్ పట్టీ ఒకటి తీగ కింద దూర్చి, తీగ దానికి ఆనేదాకా నొక్కి, బాడీ లోపలివైపునుంచి టూత్‌పిక్ మొనతో ఒక్క చుక్క సూపర్ గ్లూ పెట్టి, తరువాత పట్టీ లాగేస్తాను. వరుసలో ఉన్న నిచ్చెన కమ్ములన్నీ ఒకే ఎత్తులో నిలబడ్డాక పక్కనుంచి వెలుతురు పడితే వాటి నీడలు బాడీ మీద సమానంగా గీసినట్లు పడతాయి. ఈ మొత్తం పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం అదే.

సూపర్ గ్లూ గురించి ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. నా మూడో ఇంజన్‌కు క్యాబ్ లోపలివైపు నాలుగు చుక్కలు పెట్టి, వెంటనే క్యాబ్ బిగించి పడుకున్నాను. తెల్లవారేసరికి కిటికీ అద్దాలన్నీ లోపలినుంచి పాలపొర కమ్మినట్లు తెల్లబడ్డాయి. ఆ జిగురు ఆవిరి చల్లని, నునుపైన ప్లాస్టిక్ మీద పేరుకుని గట్టిపడుతుంది. మూసిన క్యాబ్‌లో ఆవిరికి బయటికి దారి లేదు. అద్దాలను విప్పి లోపలివైపు మెరుపు వార్నిష్ పూస్తే చాలావరకు తేటపడ్డాయి గాని, ఒకదాన్ని మార్చక తప్పలేదు. ఇప్పుడు అద్దాలు అన్నిటికన్నా చివర, తెల్లగా ఉండి ఆరాక పారదర్శకమయ్యే నీటి జిగురుతోనే పెడుతున్నాను.

పొడవైన హ్యాండ్‌రెయిళ్లు చాలా మోడళ్లలో జారుడుగా ఉండే మెత్తని ప్లాస్టిక్‌తో వస్తాయి, దాని మీద రంగు నిలవదు. సబ్బునీళ్లతో కడిగి, ప్లాస్టిక్ ప్రైమర్ కొట్టి, రంగు ఆరిన తరువాత వాటిని వంచకుండా ఉంటే సరిపోతుంది.

నంబరు మార్చడానికి బాడీ రంగంతా ఊడదీయనక్కరలేదు. ఇయర్ బడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి, ముందు కనిపించని మూల ఒకసారి పరీక్షించి, అంకెల మీద మెల్లగా రుద్దుతూ పోతే చాలా బాడీల మీద అంకెలు పోయి కింది రంగు మిగులుతుంది. బడ్‌కు బాడీ రంగు అంటడం మొదలైన క్షణమే ఆపేయండి. కొత్త డీకాల్ (నీటిలో నానబెట్టి అతికించే పలుచని అంకెల పొర) పెట్టేముందు ఆ భాగానికి మెరుపు వార్నిష్ తప్పనిసరి. మ్యాట్ రంగు కంటికి నునుపుగా కనిపించినా నిజానికి గరుకుగా ఉంటుంది, ఆ గుంటల్లో డీకాల్ కింద గాలి చిక్కుకుని, ఆరిన తరువాత వెండిలా మెరుస్తుంది. డీకాల్‌ను మెత్తబరిచే ద్రవం పూశాక అది ముడతలు పడి భయపెడుతుంది. ఆ సమయంలో దాన్ని ముట్టుకోకుండా ఉండడమే కష్టమైన పని. ఆరాక బుడగలు మిగిలితే సూదితో పొడిచి అదే ద్రవం మళ్లీ పూయండి, చివర మ్యాట్ వార్నిష్‌తో అంతా ఒకే తీరుకు వస్తుంది.

మట్టి, మసి, తుప్పు వేయడం దగ్గర కొత్తవారు ఎక్కువగా చేయి జారేది ఉత్సాహం వల్లే. బాడీ రంగులో కొద్దిగా తెలుపు కలిపి, బాగా పలచన చేసి ఎయిర్‌బ్రష్‌తో పైనుంచి ఒక పొర కొడితే ఎండకు వెలిసిన రూపం వస్తుంది. చాలా ఇంజన్లకు ఆ మాత్రమే చాలు. రేడియేటర్ జాలీలలోకి నలుపు, గోధుమ కలిపిన ఆయిల్ రంగును టర్పెంటైన్‌లో పలచన చేసి వదిలితే, కింద ఉన్నది బాగా ఆరిన అక్రిలిక్ వార్నిష్ అయినంతవరకు దానికి హాని లేకుండా గాడుల్లో మాత్రమే నిలుస్తుంది. చక్రాల చట్రాలకు (పుస్తకాల్లో వాటినే బోగీలంటారు, మనమేమో పెట్టెను బోగీ అంటాం, ఆ గందరగోళం మన దగ్గర మామూలే) పట్టాల దుమ్ము రంగు పొడి అద్దండి. పొడి మీద మ్యాట్ వార్నిష్ కొడితే సగం ప్రభావం మాయమవుతుంది గనుక నేను కొంచెం ఎక్కువే అద్దుతాను. మసి మాత్రం పొగగొట్టం చుట్టూ, దాని వెనుక పైకప్పు మీద పడాలి. ఎంత పడాలో మళ్లీ మీ ఫొటోయే చెబుతుంది.

డీసీసీ డీకోడర్ (పట్టాల ద్వారా వచ్చే డిజిటల్ ఆదేశాలతో మోటారును, దీపాలను నడిపే చిన్న సర్క్యూట్) కూడా పెట్టబోతున్నానని రాశారు గనుక క్లుప్తంగా: ఎరుపు, నలుపు తీగలు పట్టాలకు, నారింజ, బూడిద రంగు తీగలు మోటారుకు, తెలుపు ముందు దీపానికి, పసుపు వెనుక దీపానికి, నీలం దీపాలన్నిటికీ ఉమ్మడి ప్లస్. ఎల్‌ఈడీకి సుమారు 1,000 ఓమ్‌ల రెసిస్టర్ లేకుండా కరెంటు ఇవ్వకండి. పాత మోడల్ అయితే మోటారు బ్రష్ లోహపు చట్రానికి తగులుతున్నదేమో మల్టీమీటర్‌తో చూసుకోండి. అది చూడకుండా నేను ఒక డీకోడర్‌ను కాల్చుకున్నాను.

స్నో ప్లౌను, గొట్టాలను అన్నిటికన్నా చివర, ట్రాక్ మీద నడిపి చూస్తూ అతికించండి. ఆరు ఇరుసుల ఇంజన్ బిగువైన వంపులో తిరిగేటప్పుడు కప్లర్ పక్కకు ఎంత జరుగుతుందో బల్ల మీద తెలియదు, అది గొట్టానికి తగిలిందంటే వెనుక పెట్టె పట్టా దిగుతుంది. ప్లౌ అడుగును ఫొటోలో ఉన్నంత కిందికి దించితే పాయింట్ల దగ్గర (పట్టాలు విడిపోయే చోట) కొద్దిగా పైకి లేచిన ప్రతి పట్టాకూ తగులుతున్నది. అందుకని నా ఇంజన్లన్నిటికీ పట్టా మీదినుంచి 1 మి.మీ. ఎత్తులో పెట్టాను; ఫొటోతో పోలిస్తే అది ఎక్కువే, ఆ ఒక్కచోట మాత్రం ఫొటో మాట వినడం మానేశాను.