మీవారిని మార్చే పుస్తకం లేదమ్మా

ప్రశ్న: మా బాబుకి ఎనిమిదేళ్లు. హోంవర్క్ అనగానే అరుస్తాడు, నోట్‌బుక్ విసిరేస్తాడు. ఏడాదిగా పిల్లల పెంపకం మీద, ఆందోళన తగ్గించుకోవడం మీద పదకొండు పుస్తకాలు కొన్నాను. ముఖ్యమైన చోట గీతలు గీసి మావారికి చూపిస్తుంటాను. ‘నీ పుస్తకాల పిచ్చి నా దగ్గర వద్దు’ అని బాబు ముందే అంటారు. నేను వద్దన్న ఫోన్ వాడు ఏడవగానే ఇచ్చేస్తారు. ‘మేం ఏ పుస్తకం చూసి పెంచాం?’ అంటారు అత్తగారు. ఈమధ్య నాకు రాత్రి మూడింటికే మెలకువ వచ్చేస్తోంది. ఆయన చేత చదివించడానికి ఒక మంచి పుస్తకం, నా ఆందోళనకు ఒకటి చెప్పండి.

జవాబు: మీవారి చేత చదివించడానికి ఏ పుస్తకం పేరూ చెప్పను. మీరు గీతలు గీసి చేతికిచ్చిన ఏ పుస్తకమైనా ఆయనకు తన తప్పుల జాబితాలాగే కనిపిస్తుంది. ఏడాదిగా మీ ఇద్దరి మధ్య బాబు గురించి నడిచిన మాటలన్నీ ఏదో ఒక రచయిత మాటలే. మీకేం భయమో ఆయన వినలేదు, ఆయనకేం తోస్తుందో మీరు అడగలేదు. అత్తగారి మాట పక్కన పెట్టండి, అది ఏ ఇంట్లోనైనా వినిపించేదే. చూడాల్సింది మీ ఇద్దరినీ.

పుస్తకాలు ఎందుకు పనిచేయలేదో కూడా ఇక్కడే తెలుస్తుంది. అరిస్తే ఫోన్ రాదని ఒకరు గట్టిగా ఉండి, మరొకరు అప్పుడప్పుడూ ఇచ్చేస్తుంటే ఆ అలవాటు ఇంకా మొండిగా పాతుకుపోతుంది. ఇంకాస్త అరిస్తే దక్కుతుందని వాడికి అర్థమైపోతుంది. పైగా ఇవ్వడం మానేసిన మొదటి రోజుల్లో అరుపులు తగ్గకపోగా పెరగొచ్చు కూడా. చాలామంది తల్లిదండ్రులు సరిగ్గా అప్పుడే ‘ఈ పుస్తకం పనికిరాదు’ అని వదిలేసి ఇంకోటి కొంటారు. మీరు పదకొండో పుస్తకం దాకా వెళ్లారు.

ఈ వారం బాబు పడుకున్నాక, పుస్తకం లేకుండా ఆయనతో ఇరవై నిమిషాలు కూర్చోండి. ‘వాడు చేసేవాటిలో మీకు అన్నిటికన్నా కష్టంగా ఉండేది ఏది?’ అని అడిగి, చెప్పేది పూర్తిగా వినండి. ఆయన చెప్పిన దాన్నే తీసుకోండి, మీ లెక్కలో అది రెండోదైనా సరే. మూడు వారాలు ఆ ఒక్కదాని మీదే ఇద్దరూ ఒకే మాట మీద ఉండాలి. మొదటి వారం ఏమీ మార్చకుండా, రోజుకు ఎన్నిసార్లు జరిగింది, దానికి ముందు ఏం జరిగింది రాసుకోండి. రెండో వారం నుంచి వాడు ఆ పని సరిగ్గా చేసిన క్షణంలోనే, ఏం బాగా చేశాడో పేరు పెట్టి చెప్పండి. ‘గుడ్ బాయ్’ అంటే వాడికి ఏమీ తెలియదు. ‘విసిరేయకుండా పక్కన పెట్టావు’ అంటే తెలుస్తుంది. రోజూ ఒక పని, హోంవర్కో పడుకోబెట్టడమో, పూర్తిగా ఆయనదే. ఆ సమయంలో మీరు ఆ గదిలోకి వెళ్లి దిద్దకండి. కన్నబిడ్డ పెంపకంలో తండ్రి చేసేది మీకు సాయం అనుకోకండి, అది ఆయన వంతు. బిడ్డ ముందు మిమ్మల్ని చులకన చేసే మాట మాత్రం ఇక జరగకూడదని, వేరే సమయంలో, గొంతు పెంచకుండా స్పష్టంగా చెప్పండి. దాంట్లో సర్దుకుపోవడం లేదు.

హోంవర్క్ గొడవ అన్ని సబ్జెక్టుల్లోనా, ఒకదాంట్లోనేనా గమనించండి. చదవడమో రాయడమో తోటి పిల్లలకన్నా బాగా కష్టమవుతుంటే టీచరుతో మాట్లాడండి, చూపు, వినికిడి పరీక్ష చేయించండి. అక్షరాలు కూడబలుక్కోవడానికే అవస్థపడే పిల్లాడిని పెంపకం పుస్తకం ఏం చేయగలదు?

ఇక పుస్తకాల ఎంపిక. ముందు వయసు చూడండి. రెండేళ్ల పిల్లలకు రాసింది ఎనిమిదేళ్లవాడికి నప్పదు. తర్వాత అచ్చయిన సంవత్సరం చూడండి. 1946లో వచ్చిన, అమెరికా పిల్లల వైద్యుడు డాక్టర్ స్పాక్ పెంపకం పుస్తకాన్ని ప్రపంచమంతా నమ్మింది. తర్వాతి ముద్రణల్లో పసివాళ్లను బోర్లా పడుకోబెట్టమని సలహా చేరింది. ఆ తీరు నిద్రలో హఠాన్మరణాల ప్రమాదం పెంచుతుందని తర్వాత తేలింది, అమెరికాలో 1994 నుంచి వెల్లకిలా పడుకోబెట్టమని ప్రచారమే చేశారు. తల్లిని దోషిగా నిలబెట్టే పుస్తకమైతే అక్కడే మూసేయండి. ఆటిజానికి తల్లి బిడ్డమీద ప్రేమ చూపకపోవడమే కారణమని 1967లో అమెరికాలో పిల్లల మనస్తత్వం మీద రాసే బెట్టల్‌హైమ్ రాసినది తప్పని తేలేలోపు ఎందరో తల్లులు ఆ నింద మోశారు.

కొనేముందు మీ సమస్య ఉన్న అధ్యాయం ఒక్కటి చదవండి. ఏం అనాలి, ఎప్పుడు అనాలి, ఎన్ని రోజులు చూడాలి, ఫలించకపోతే ఎందుకు ఫలించదు అన్నవి ఉన్నాయా? చివరిది లేని పుస్తకం కొనకండి. వారంలో బిడ్డ మారిపోతాడని అట్ట మీద రాసిన దాన్నీ అంతే. రాసినవాళ్లు పిల్లలతోనో కుటుంబాలతోనో చికిత్సలో పనిచేసినవాళ్లేనా అన్నది వెనక పేజీలో తెలిసిపోతుంది.

మీ ఆందోళనకు చదివించే పుస్తకం వద్దు, రాయించే పుస్తకం తీసుకోండి. ఏం జరిగింది, అప్పుడు మనసులో ఏ మాట మెదిలింది, బాధ నూటికి ఎంత, ఆ మాట నిజమనడానికి ఆధారం ఏది, కాదనడానికి ఏది, ఇప్పుడు బాధ ఎంత అని గళ్లు గీసి నింపించేవి ఉంటాయి. రోజుకు ఒక్కటి నింపండి. నింపకుండా పేజీలు తిప్పితే అప్పటికి ఊరటగా ఉంటుంది, మర్నాటికి ఆందోళన అలాగే ఉంటుంది. మధ్యమధ్య ఎవరైనా కూర్చుని ఎంతవరకు వచ్చిందో అడిగితే ఇలాంటి పుస్తకాలు ఎక్కువ ఫలిస్తాయి. ఇంగ్లండ్‌లో 2013 నుంచి వైద్యులే వీటిని సిఫారసు చేసి గ్రంథాలయాల్లో ఇప్పించే పద్ధతి ఉంది. అది తేలికపాటి, ఓ మోస్తరు ఇబ్బందులకు. పదకొండింట్లోంచి పెంపకానికి ఒకటి, మీకు ఒకటి ఉంచుకుని మిగతావి అటక మీద పెట్టేయండి. మూడింటికి మెలకువ వస్తే మాత్రం ఏదీ తెరవకండి, ఆ వేళ చదివిన ప్రతి వాక్యం మీ మీద నేరంలాగే తోస్తుంది.

మెలకువతో పాటు దిగులు, దేనిమీదా మనసు లేకపోవడం రెండు వారాలు దాటి దాదాపు రోజూ ఉంటే పుస్తకం సరిపోదు, డాక్టరును కలవండి. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా రెండు వారాలు ఆగకండి, ఆ రోజే ఎవరికైనా చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్లండి. అలాంటి ఆలోచన లేకపోతే, వెళ్లేముందు వారం రోజులు ఏ రాత్రి ఎంత నిద్ర పట్టిందో కాగితం మీద రాసుకెళ్లండి. ఆయన్నీ వెంట రమ్మనండి, మీ పరిస్థితి డాక్టరు నోటే విననివ్వండి.