ఇంట్లోనే హెచ్‌ఐవీ పరీక్ష చేసుకోవచ్చా? చికిత్సకు ఎక్కడికి వెళ్లాలి?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఐదు వారాల క్రితం కండోమ్ లేకుండా కలిశాను. అప్పటి నుంచి హెచ్‌ఐవీ భయం వెంటాడుతోంది. మా ఊరి ప్రభుత్వాసుపత్రిలో తెలిసినవాళ్లున్నారు. కిట్ తెప్పించుకొని గదిలోనే పరీక్ష చేసుకోవచ్చా? పాజిటివ్ వస్తే చికిత్స ఎక్కడ తీసుకోవాలి?

జవాబు: ఎవరైనా చూస్తారేమోనన్న భయంతో పరీక్షనే వాయిదా వేసేవారు చాలామంది ఉన్నారు కాబట్టి, ఇంట్లో చేసుకునే పరీక్షను నేను తప్పుపట్టను. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2016 నుంచి దీన్ని సిఫారసు చేస్తోంది. అయితే ఈ కిట్లు సాధారణంగా వైరస్‌ను కాకుండా, దానికి ప్రతిగా శరీరంలో తయారయ్యే యాంటీబాడీలను గుర్తిస్తాయి. అవి పరీక్షకు అందే స్థాయికి చేరడానికి కొందరిలో మూడు నెలల వరకు పట్టవచ్చు. అందువల్ల ఇప్పుడు నెగెటివ్ వచ్చినా నిశ్చింతగా ఉండకుండా, మూడు నెలలు నిండాక మళ్లీ పరీక్ష చేయించుకోండి. అప్పటివరకు కండోమ్ తప్పనిసరి, రక్తదానం చేయకండి.

కిట్‌లో పాజిటివ్ రావడమంటే వ్యాధి నిర్ధారణ అయినట్లు కాదు. ప్రభుత్వ ఐసీటీసీలో, అంటే హెచ్‌ఐవీ పరీక్ష, కౌన్సెలింగ్ కేంద్రంలో వేర్వేరు పరీక్షలు చేసిన తర్వాతే ఫలితాన్ని ఖాయం చేస్తారు. అక్కడ పరీక్ష, కౌన్సెలింగ్ రెండూ ఉచితమే. మీ ఊరి ఆసుపత్రికే వెళ్లాలన్న నియమం లేదు. హైదరాబాద్‌లోని ఏ ఐసీటీసీకైనా వెళ్లవచ్చు. దగ్గరలోని కేంద్రం ఎక్కడుందో 1097 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి తెలుసుకోవచ్చు. నన్నడిగితే, కిట్ వాడదలచుకున్నా శనివారం రాత్రి వాడకండి. పాజిటివ్ వస్తే సోమవారం దాకా ఆ ఫలితంతో ఒంటరిగా గడపాల్సి వస్తుంది. మర్నాడు ఉదయమే ఐసీటీసీ తెరిచి ఉండే రోజును ఎంచుకోండి. హెచ్‌ఐవీ కిట్ సిఫిలిస్‌ను గానీ హెపటైటిస్ బి ని గానీ పట్టుకోదు కాబట్టి, నెగెటివ్ వచ్చినా ఒకసారి వైద్యుణ్ని కలిసి ఆ పరీక్షలు కూడా చేయించుకోవడం అవసరం.

పరీక్షకు ఎవరికీ తెలియని చోటు వెతుక్కోవడంలో తప్పులేదు, ఎందుకంటే అది ఒకటి రెండు రోజుల పని. చికిత్స అలా కాదు, జీవితాంతం సాగుతుంది. గోప్యత కోసం ఎక్కడో దూరాన నమోదు చేసుకొని, సెలవు దొరకక మందులు మానేసినవారిని చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. మీరు నివసించే చోటికి దగ్గరగా, పని మానుకోకుండా వెళ్లి రాగలిగే ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందుల చికిత్స) కేంద్రాన్నే ఎంచుకోండి. నగరంలో గాంధీ, ఉస్మానియా ఆసుపత్రుల్లో ఈ కేంద్రాలున్నాయి. ఉద్యోగం మారి వేరే ఊరికి వెళ్తే మీ చికిత్సను అక్కడి కేంద్రానికి బదిలీ చేయించుకోవచ్చు. మందులు ఉచితం. 2017 నుంచి సీడీ4 కణాల (హెచ్‌ఐవీ దెబ్బతీసే రోగనిరోధక కణాలు) సంఖ్యతో సంబంధం లేకుండా, నిర్ధారణ అయిన ప్రతి ఒక్కరికీ వెంటనే చికిత్స మొదలుపెడుతున్నారు. ఎక్కువమందికి రోజుకు ఒక్క మాత్ర సరిపోతుంది. క్రమం తప్పకుండా వేసుకుంటూ, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గి అలాగే కొనసాగితే, లైంగికంగా ఇతరులకు సోకదు.

మీ అనుమతి లేకుండా మీ హెచ్‌ఐవీ స్థితిని ఆసుపత్రి సిబ్బంది బయటపెట్టకూడదని 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ చట్టం చెబుతోంది. ఉద్యోగమివ్వడానికి ఈ పరీక్షను షరతుగా పెట్టడాన్ని కూడా అదే చట్టం నిషేధించింది.

ఇకముందు ఇలాంటి సందర్భం ఎదురైతే 72 గంటల్లోపే వైద్యుణ్ని కలవండి. వైరస్ సోకకుండా అడ్డుకునే మందులను 28 రోజుల పాటు ఇస్తారు. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు. మీ విషయంలో ఆ గడువు దాటిపోయింది కాబట్టి, కిట్ కోసం ఎదురుచూడకుండా ఈ వారమే ఐసీటీసీకి వెళ్లి మొదటి పరీక్ష చేయించుకోండి. ఈలోగా జ్వరం, ఒంటిపై దద్దుర్లు, మెడ దగ్గర బిళ్లలు కనిపిస్తే ఆ రోజే వైద్యుణ్ని కలిసి, ఐదు వారాల క్రితం జరిగిన విషయం కూడా దాచకుండా చెప్పండి.