60 సార్లలో ఆరు 14 సార్లు పడితే పాచిక తేడానా?
మీ పాప పాచిక 60 సార్లు వేస్తే ఆరు 14 సార్లు పడింది, పుస్తకంలో జవాబేమో 10, ఏది తప్పని అడిగారు కదండీ. రెండూ ఒప్పే. 10 వేయకముందు కట్టిన అంచనా, 60 × 1/6. అది ఆశించిన పౌనఃపున్యం. 14/60, సుమారు 0.23, వేశాక తేలిన సాపేక్ష పౌనఃపున్యం. నాలుగు అటూ ఇటూ కావడం మామూలే, పాచికను అనుమానించకండి.

రెండో ప్రపంచ యుద్ధంలో డెన్మార్క్‌లో నిర్బంధంలో ఉన్న జాన్ కెరిచ్ అనే గణితవేత్త నాణేన్ని 10,000 సార్లు ఎగరేశాడు (ఓపిక చూడండి!). మొదటి 100లో బొమ్మ 44 సార్లు, మొత్తమ్మీద 5,067 సార్లు. అంచనాతో తేడా 6 నుంచి 67కి పెరిగింది, నిష్పత్తి మాత్రం 0.44 నుంచి 0.5067కి వచ్చి సగానికి దగ్గరైంది. పిల్లలు తికమకపడేది ఇక్కడే. పాపతో ఇంకో 240 సార్లు వేయించి, మొత్తం 300కీ ఆరు పడిన నిష్పత్తి లెక్క కట్టించండి.