రెండు లక్షలు తిరిగిన డీజిల్ బండికి రీమ్యాపా?

ప్రశ్న: అన్నా, మాది అనంతపురం. 2012 మోడల్ డీజిల్ సెడాన్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, 2.10 లక్షల కిలోమీటర్లు తిరిగింది. కర్నూలు వైపు హైవే ఎక్కితే పికప్ లేదు, నల్ల పొగ. రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ మార్చి పవర్ పెంచడం) చేయిస్తే సరిపోతుందని ఒకాయన అంటున్నాడు. చేయించొచ్చా?

జవాబు: ఇప్పుడే వద్దు తమ్ముడూ. నల్ల పొగ అంటే పోసే డీజిల్‌కు సరిపడా గాలి అందడం లేదని అర్థం, రీమ్యాప్‌లో డీజిల్ ఇంకా పెంచుతారు, మరి పొగ తగ్గుతుందా పెరుగుతుందా నువ్వే చెప్పు (పెరిగిన పవర్‌కు రేపు క్లచ్ పోతే ఆ ఖర్చు ఆయన పెట్టుకోడు కదా!). ముందు ఎయిర్ ఫిల్టర్ తీసి చూడు, మన దుమ్ముకు అది తొందరగా మూసుకుపోతుంది. తర్వాత ఇంజిన్‌లోకి గాలి నెట్టే టర్బో నుంచి, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు వెళ్లే రబ్బరు పైపులు చూడు. పగులు ఉన్నచోట ఆయిల్ తడి కనిపిస్తుంది, యాక్సిలరేటర్ తొక్కితే ఉస్సుమంటుంది. పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు మసి పట్టి తెరుచుకునే ఉండిపోయినా ఇదే కథ, విప్పి శుభ్రం చేయిస్తే చాలాసార్లు దారికొస్తుంది. ఇవన్నీ బాగుంటేనే డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు టెస్ట్ చేయించు. ఇంకొకటి, ఇంజిన్ ఆన్‌లో ఉండగా ఆయిల్ మూత తీసినప్పుడు పొగ గుప్పుగుప్పున తన్నుకొస్తే పిస్టన్ రింగులు అరిగి ఉండొచ్చు, అప్పుడు రీమ్యాప్ మాటే ఎత్తకు.