ఓట్స్, క్వినోవా కొనలేని ఇంట్లో షుగర్‌ను అదుపులో పెట్టుకోవడం ఎలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది కాజీపేట. మా ఆయన వయసు 44, ఆటో నడుపుతారు. ఈ మధ్య పరీక్ష చేయిస్తే పరగడుపున షుగర్ 114, హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది. మందులు ఇప్పుడే అక్కర్లేదు, తిండి మార్చుకోమన్నారు. మా అత్తమ్మకు 64 ఏళ్లు, బీపీకి టెల్మిసార్టాన్ వాడుతున్నారు. పాపకు 15 ఏళ్లు, హిమోగ్లోబిన్ 10.4 ఉంది. సెల్‌లో వీడియోలు చూస్తే ఓట్స్, క్వినోవా, బ్రౌన్ రైస్, ఆలివ్ నూనె, చియా గింజలు, బాదం పాలు కొనమంటున్నారు. నేను ఇంట్లోనే మిషన్ కుడతాను. కిరాణానికి, కూరగాయలకు కలిపి నెలకు 8 వేలకు మించి పెట్టలేము. రేషన్ సన్నబియ్యం 24 కిలోలు వస్తాయి, చాలక ఇంకో 10 కిలోలు కొంటాము. నూనె 5 లీటర్లు, కందిపప్పు 3 కిలోలు పడుతుంది. చక్కెరకు బదులు బెల్లం, మామూలు ఉప్పుకు బదులు లో సోడియం ఉప్పు వాడవచ్చా?

జవాబు: రిపోర్టులోని అంకెలతో పాటు ఇంట్లో ఖర్చయ్యే సరుకుల లెక్క కూడా రాసినందుకు ముందుగా మీకు ధన్యవాదాలు, ఎందుకంటే మీ ప్రశ్నకు జవాబు చాలావరకు ఆ లెక్కలోనే ఉంది. గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 వరకు ఉంటే దానిని షుగర్ వ్యాధికి ముందు దశగా పరిగణిస్తాము. తిండి, నడక సరిచేసుకుంటే వెనక్కి మళ్లే అవకాశం ఉన్న దశ ఇది.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం, రోజుకు 2000 కేలరీలు అవసరమయ్యే మనిషికి ధాన్యాలు అన్నీ కలిపి 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు, నూనె 27 గ్రాములు సరిపోతాయి. నలుగురికి నెలకు లెక్కగడితే ధాన్యాలు 30 కిలోలు, పప్పులు 10 కిలోలు, నూనె సుమారు మూడున్నర లీటర్లు అవుతాయి. మీ ఇంట్లో ఒక్క బియ్యమే 34 కిలోలు, నూనె 5 లీటర్లు ఖర్చవుతుండగా పప్పు మాత్రం 3 కిలోలే వస్తున్నది. అందువల్ల మీరు కొత్తగా ఏ ప్యాకెట్టూ కొననవసరం లేదు. పైన కొంటున్న ఆ 10 కిలోల బియ్యం మానేసి, వాటికి బదులు 6 కిలోల జొన్నలు పట్టించండి. తగ్గించిన ఒకటిన్నర లీటర్ల నూనె డబ్బుతో పెసర్లు, ఉలవలు, బబ్బెర్లు తెచ్చుకోండి. 10 కిలోల పప్పు ఒకేసారి మీ ఖర్చులో ఇమడకపోవచ్చు. 6 కిలోలకు చేరినా, దానికి వారానికి మనిషికి నాలుగైదు గుడ్లు తోడైనా ఇప్పటికన్నా ఎంతో మేలు.

నూనె విషయంలో నేను మా ఓపీలో చెప్పే ఉపాయం ఒకటి ఉంది. డబ్బా తెచ్చిన రోజున దాని మీద పెన్నుతో నాలుగు గీతలు గీసి, ఒక్కో వారం ఒక్కో గీత దాటకుండా చూసుకోవడం. మొదటి నెల చాలామంది మూడో వారంలోనే చివరి గీతకు వస్తారు, రెండో నెలకు చేయి అలవాటు పడుతుంది. ఆలివ్ నూనె అవసరమే లేదు. పల్లి నూనె, నువ్వుల నూనె, పొద్దుతిరుగుడు నూనెలను మార్చి మార్చి వాడుకుంటే చాలు.

మీ ఆయన పళ్లెం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. షుగర్‌తో నా దగ్గరికి వచ్చేవారిని పళ్లెంలో అన్నం ఎంత, కూర ఎంత పెట్టుకుంటారో చేత్తో చూపించమంటాను. అన్నానికి రెండు చేతులూ దోసిలి అవుతాయి, కూరకు మూడు వేళ్లు కలుస్తాయి. పలుచని పప్పుచారుతో మూడుసార్లు అన్నం కలుపుకునే అలవాటు ఉన్నంతవరకు అది సన్నబియ్యమైనా, బ్రౌన్ రైస్ అయినా పెద్ద తేడా రాదు. కనుక మధ్యాహ్నం రేషన్ బియ్యమే వండండి, కానీ పళ్లెంలో సగభాగం తోటకూరో, బీరకాయో, సొరకాయో ఉండాలి. పావుభాగం గట్టి పప్పు లేదా గుడ్డు, మిగిలిన పావుభాగమే అన్నం. రాత్రికి ఒకటో రెండో జొన్న రొట్టెలు, పుంటికూర పప్పుతో పెట్టండి. నమిలి తినవలసిన రొట్టె కాబట్టి తక్కువతోనే కడుపు నిండుతుంది.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. జొన్నలు, తైదలు (రాగులు), కొర్రలు మంచివే గానీ మందులు కావు. తైదలలో పాలకన్నా కాల్షియం ఎక్కువ, వంద గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. అయినా వాటిని మెత్తగా పట్టించి, జావ కాచి, బెల్లం కలిపి గ్లాసెడు తాగితే షుగర్ వేగంగానే పెరుగుతుంది. చిరుధాన్యాలు మొదలుపెట్టాక షుగర్ ఇంకా పెరిగిందని వాపోయేవారిలో చాలామంది అన్నం తగ్గించకుండా దాని మీద జావ అదనంగా తాగినవారే.

బెల్లం సంగతి కూడా అంతే. షుగర్‌ను పెంచడంలో బెల్లానికి, చక్కెరకు చెప్పుకోదగిన తేడా లేదు. ఆటో నడిపేవారు రోజుకు నాలుగు చాయ్‌లు తాగడం మామూలే; ఒక్కోదానిలో రెండు చెంచాల చక్కెర అంటే రోజుకు 40 గ్రాములు అవుతుంది. మీ ఆయన చాయ్‌లను రెండుకు, చెంచాలను ఒకటికి తగ్గించుకోగలిగితే అది 10 గ్రాములకు దిగుతుంది, పైగా డబ్బు మిగులుతుంది. సాయంత్రం చాయ్‌తో తినే బిస్కెట్లకు బదులు బబ్బెర్ల గుడాలో, శనగ గుడాలో ఉల్లిగడ్డ, నిమ్మరసం కలిపి చిన్న డబ్బాలో ఇచ్చి పంపండి. షుగర్ ఫ్రీ బిస్కెట్లను మాత్రం నమ్మకండి. ప్యాకెట్ వెనుక రాసే పదార్థాలలో ఏది ఎక్కువ ఉంటే అది ముందు వస్తుంది, చాలా బిస్కెట్లలో మొదటి పేరు మైదాపిండిదే. మల్టీగ్రెయిన్ పిండి ప్యాకెట్‌ను కూడా ఇలాగే తిప్పి చూడండి.

చియా గింజలకు బదులు అవిసెలు వేయించి కారంపొడి చేసుకోవచ్చు. బాదం పాలలో ఎక్కువ భాగం నీళ్లే, కాబట్టి మామూలు పాలు, పెరుగు మానవద్దు. మాంసకృత్తుల కోసమే అయితే బాదంకన్నా పల్లీలే మెరుగు, అయితే బూజు వాసన వచ్చే పల్లీలను ఏరి పారేయండి. ఆపిల్‌కు బదులు జామకాయ నిస్సంకోచంగా తినవచ్చు.

మీ అత్తమ్మ గారి ఉప్పు విషయంలో మాత్రం తొందరపడవద్దు. లో సోడియం ఉప్పులో మామూలు ఉప్పు కొంత తగ్గించి, ఆ మేరకు పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. మూత్రపిండాలు బాగా పనిచేసేవారికి అది మేలు చేసేదే. కానీ టెల్మిసార్టాన్ వంటి మందులు శరీరంలో పొటాషియంను నిలబెడతాయి. దానికి ఈ ఉప్పు తోడైతే, ముఖ్యంగా మూత్రపిండాలు కొంత దెబ్బతిన్నవారిలో, పొటాషియం ప్రమాదకరంగా పెరిగి గుండె లయ తప్పవచ్చు. ముందుగా మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష, పొటాషియం పరీక్ష చేయించి, ఆమెకు బీపీ మందు రాసే డాక్టర్‌ను అడగనిదే ఆ ప్యాకెట్ కొనకండి. క్రియాటినిన్ ఎక్కువ ఉందని తేలితే, ఆమెకు పప్పు, గుడ్లు ఎంత పెట్టాలో కూడా ఆ డాక్టరే నిర్ణయించాలి. ఈలోగా ఆవకాయ, అప్పడాలు పక్కన పెట్టి, మామూలు ఉప్పునే తగ్గించండి. పచ్చిపులుసులో చింతపండు, జీలకర్ర సరిగా పడితే ఉప్పు తగ్గిన సంగతి అంతగా తెలియదు. నలుగురికీ కలిపి రోజుకు నాలుగు చిన్న చెంచాలు మించకూడదు, అందులో పచ్చళ్లలోని ఉప్పు కూడా కలిసే ఉంటుంది.

పాపకు 10.4 అంటే రక్తహీనతే, ఆ వయసులో 12 ఉండాలి. బెల్లం, ఖర్జూరాలతో అది తీరదు. బడిలో వారానికి ఒకటి ఇచ్చే నీలిరంగు ఐరన్ మాత్ర రక్తహీనత రాకుండా చూడటానికి ఉద్దేశించినది. వచ్చాక చికిత్సకు రోజువారీ మోతాదు కావాలి, దానిని డాక్టర్ రాయాలి. పట్టణ ఆరోగ్య కేంద్రంలో చూపించండి, నులిపురుగుల మాత్ర గురించి కూడా అడగండి. అన్నంతో పాటు చాయ్ తాగనివ్వకండి, ఆకుకూర మీద నిమ్మకాయ పిండండి, మాంసం తినేవారైతే వారానికి ఒకసారి కోడి కార్జం వండిపెట్టండి.

మీ ఆయనకు ఈ మార్పులతో పాటు రోజూ అరగంట నడక పెట్టి, మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ మళ్లీ చేయించండి. అంతకుముందే దాహం ఎక్కువైనా, రాత్రిపూట పలుమార్లు మూత్రానికి లేస్తున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా మూడు నెలలు ఆగవద్దు, వెంటనే పరీక్ష చేయించండి.